బేబీ మేడమ్ ఆరువందల పేపర్లు

పొట్నూరు బేబీ అసలు పేరే బేబీ. భిలాయి పక్కనున్న చరోదాలో బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు పేరేమిటని అడిగితే, రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా పనిచేసే వాళ్ళ నాన్న ఇంట్లో పిలిచే పేరు చెప్పేశాడు. మాస్టారు అదే రాసుకున్నారు. తర్వాత మార్పిద్దామనుకున్నారు గాని ఎవరికీ కుదరలేదు. నలభై మూడేళ్ళు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, భిలాయిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్న రోజుల్లో కూడా ఆమె బేబీయే. కొత్తగా చేరిన పిల్లలు "బేబీ మేడమ్" అంటూ మొదటి వారం నవ్వుకుంటారు. రెండో వారానికి ఆమె పెట్టే పరీక్షలు చూసి మానేస్తారు.

ఉద్యోగం చేసుకుంటూనే ఆమె పిహెచ్‌డికి చేరింది. తీసుకున్న విషయం స్లాగు. ఉక్కు కరిగించేటప్పుడు పైకి తేలే మడ్డిని చల్లార్చి గుట్టలుగా పోస్తారు. అది రాయిలా గట్టిగా ఉంటుంది, రోడ్ల కింద కంకర బదులు వేసుకోవచ్చు. చిక్కల్లా దానిలో విడిగా మిగిలిపోయే సున్నంతోనే. తడి తగిలితే అది ఉబ్బుతుంది. బేబీకి ఈ సంగతి పుస్తకాలకంటే ముందు ఇంట్లోనే తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎవరో చెప్పారని రెండు బళ్ళ స్లాగు తెప్పించి వరండా గచ్చు కింద వేయించాడు. రెండో వర్షాకాలానికి గచ్చు నడుమ ఎవరో లోపలినుంచి వీపు పెట్టి లేపినట్టు పైకి లేచింది. వాళ్ళమ్మ ఆ ఎత్తుమీద పీట వేసుకుని కూరగాయలు తరిగేది.

గుట్టల్లో ఎండకీ వానకీ వదిలేస్తే ఆ సున్నం కాలక్రమాన చచ్చిపోతుంది. ఎన్నాళ్ళు వదలాలి అన్నదే ప్రశ్న. ఆమె చదివిన పరిశోధన పేపర్లు చాలావాటిలో ఒకటే జవాబు ఉంది: ఆరు నెలలు.

ఆమె గోనెసంచుల్లో స్లాగు నింపి ల్యాబు వెనక ఆరుబయట పెట్టి, ఆరు నెలలయ్యాక పరీక్షించింది. అచ్చులో పోసి వేడినీళ్ళలో ఉంచి, మీద ఉబ్బుని కొలిచే గేజి పెట్టి చూస్తే ముల్లు ఆగకుండా కదులుతూనే ఉంది. సంచుల్లో ఏదో తేడా జరిగిందనుకుని అవన్నీ పారబోసి, మళ్ళీ కొత్త స్లాగుతో మొదలుపెట్టింది. రెండోసారీ అంతే. ఈసారి సంచులు పారబోయలేదు, వాటివైపు చూడటం మానేసింది. గైడుకి కూడా ఆ అంకెలు చూపించలేదు. అంతమంది అచ్చువేసిన మాట తన చేతిలో మాత్రం ఎందుకు నిజం కావడం లేదో చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు.

ఆ మధ్యలోనే గైడు జితేంద్ర సార్ రెండో అధ్యాయం తిప్పి పంపారు. ఆయనది పక్క ఊరు దుర్గ్, నెమ్మదస్తులు, కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడతారు.

"బేబీ జీ, ఇక్కడ మీరు స్లాగు ఉబ్బడం గురించి రాశారు. పక్కన నలభైమూడో నంబరు వేశారు. వెనక పేపర్ల జాబితాలో చూస్తే నలభైమూడు ఊక బూడిద గురించి ఉంది," అన్నారు హిందీలో.

"మధ్యలో రెండు పేపర్లు కలిపాను సార్. నంబర్లు జరిగిపోయాయి."

"చేత్తో వేస్తున్నారా నంబర్లు?"

ఆమె తల ఊపింది.

"ఎన్ని పేపర్లున్నాయి?"

"ఆరువందల చిల్లర."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "పేపర్లు దాచి, నంబర్లు వాటంతటవే వేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేదాకా నాకు అధ్యాయం పంపకండి."

ఆరువందల పేపర్లలో సగం ఆమె బీరువాలో అట్టఫైళ్ళలో ఉన్నాయి. మిగతావి కంప్యూటర్లో 'కొత్తది', 'కొత్తది 2', 'స్లాగు పక్కా ఫైనల్' లాంటి పేర్లతో ఉన్నాయి. ఒకే పేపరు మూడు చోట్ల దాచుకుని, దొరక్క నాలుగోసారి దించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గుగా ఉండేది. చివరికి కాలేజీ లైబ్రేరియన్ వందన దగ్గరికి వెళ్ళింది.

వందన ఇక్కడే ఉక్కు ప్లాంటు వాళ్ళ సెక్టార్లో పుట్టి పెరిగిన పిల్ల, ముప్పై నిండలేదు. వాళ్ళ నాన్న ప్లాంటు ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. తెలుగు మాట్లాడుతుంది గాని మాటకోసం వెతుక్కోవలసి వస్తే హిందీలోకి దూకేస్తుంది.

"దీదీ, టెన్షన్ తీసుకోకండి. ముఖ్యంగా మూడున్నాయి. ఎండ్‌నోట్, మెండలీ, జొటేరో. మూడూ మంచివే," అంది.

"మూడూ మంచివైతే నేను ఏది ఎంచుకోవాలి?"

"మీకు ఏది పనికొస్తాదో అది. నెట్‌లో చూస్తే ఇది బెస్ట్, అది బెస్ట్ అని రాస్తారు. వాళ్ళ పేపర్లు వేరు, మీవి వేరు. ఒక పని చేయండి. మీ దగ్గరున్న వాటిలో సబ్‌సే ఖరాబ్ నలభై పేపర్లు తీసుకురండి."

"మంచివి కాదా?"

"మంచివి ఎందులో వేసినా బాగానే కూర్చుంటాయి దీదీ. పేరు సరిగ్గా లేనివి, సంవత్సరం లేనివి, జెరాక్సులు, హిందీవి, అలాంటివి తెండి. వాటిని ఎవరు మోస్తారో చూద్దాం."

ఆ మాట బేబీకి నచ్చింది. కాలేజీ అయ్యాక రోజుకో గంట చొప్పున లైబ్రరీలో కూర్చుని అట్టఫైళ్ళన్నీ విప్పి నలభై మొండిఘటాలను ఏరింది. ప్లాంటు సెమినార్ల పుస్తకాలనుంచి తీసిన జెరాక్సులు, హిందీలో ఉన్న రోడ్ల శాఖ నివేదిక ఒకటి, రచయిత పేరే లేని పట్టిక ఒకటి, ఒక మూల టీ మరక పడి సంవత్సరం కనబడనిది ఒకటి.

ఎండ్‌నోట్ కొనుక్కోవలసినది. కాలేజీకి లేదు, కాబట్టి కొద్దిరోజులు వాడి చూడనిచ్చే పద్ధతిలో చూశారు. దానిలో లేని సదుపాయం లేదనిపించింది. కాని కాలేజీ కొనదు, గడువు తీరాక తనకు దారి ఉండదు. మెండలీ ఉచితం. ఖాతా తెరిచి లోపలికి వెళితే చూడటానికి తేటగా ఉంది, పేపరు మీదే గీతలు గీసుకోవచ్చు. బేబీ దానితో మూడు రోజులు సంతోషంగానే ఉంది. జొటేరో కూడా ఉచితమే. చూడటానికి పాతకాలపు రిజిస్టరులా ఉంది. ఖాతా తెరవకపోయినా పనిచేస్తుంది, అంతా తన కంప్యూటర్లోనే ఉంటుంది. చరోదాలో వాళ్ళింట్లో నెట్ వచ్చిపోతూ ఉంటుంది గనుక అది ఆమెకు చిన్న సంగతి కాదు.

మొండిఘటాల దగ్గర అసలు విషయం తేలింది. కొత్త పేపర్లను సాఫ్ట్‌వేర్లు వాటంతటవే గుర్తుపట్టి పేరూ ఊరూ నింపుకున్నాయి. జెరాక్సులకు ఏదీ ఏమీ చేయలేకపోయింది. అవన్నీ చేత్తో నింపవలసిందే. చేత్తో నింపడానికి కూర్చున్నప్పుడు ఆమెకు జొటేరో గడులు నచ్చాయి. నివేదిక అంటే ఒక రకం గడులు, సెమినార్ వ్యాసమంటే ఒక రకం, ఉత్తరానికి, ముఖాముఖి మాటకి కూడా వేరే గడులు. ఒక్కోదాని కింద తాను రాసుకున్న నోట్సు వేలాడదీయవచ్చు, ఫోటో తగిలించవచ్చు. ఒకే పేపరు రెండుసార్లు పడితే అనుమానం ఉందని చూపించి, కలపమంటావా వద్దా అని తననే అడుగుతుంది.

"ఇది నన్ను అడుగుతుంది వందనా," అంది బేబీ. "నేను ఇదే పెట్టుకుంటాను."

"అడగడం వల్ల పని పెరుగుతాది దీదీ."

"పెరగనీ. తప్పు జరిగితే నా వల్లే జరిగిందని తెలుస్తాది."

మే నెల సెలవుల్లో ఆరువందల పేపర్లూ ఎక్కించడం మొదలుపెట్టింది. పొద్దున్నే వంట ముగించుకుని, భర్త రాజేశ్ డ్యూటీకి వెళ్ళగానే కూలర్ ముందు కూర్చునేది. రోజుకి ముప్పై అయ్యేవి. ఎక్కిస్తూ ఎక్కిస్తూ, ఆరు నెలలన్న మాట ఎక్కడ కనిపించినా దానికి ఒకే గుర్తు తగిలించింది. నెల చివరికి ఆ గుర్తు నొక్కి చూస్తే పద్నాలుగు పేపర్లు వరసగా నిలబడ్డాయి.

ఇంతకుముందు అవి వేర్వేరు ఫైళ్ళలో ఉండేవి. పద్నాలుగుమంది పద్నాలుగు చోట్ల కొలిచి చెప్పారని అనుకునేది. ఇప్పుడు ఒకదాని కింద ఒకటి చూస్తుంటే, ఒక్కొక్కరూ ఆ మాట పక్కన ఎవరి పేరు వేశారో వెతకాలనిపించింది. రెండు రోజులు వెతికింది. పన్నెండోవాడు తొమ్మిదోవాడి పేరు చెప్పాడు. తొమ్మిదోవాడు నాలుగోవాడి పేరు. అలా పోయి పోయి అందరూ ఒక్కచోటే ఆగారు. అది 1988లో జరిగిన ఒక సెమినార్లో అరపేజీ సారాంశం. పూర్తి వ్యాసం అచ్చే కాలేదు. పద్నాలుగుమందిలో తానుగా కొలిచినవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. కోపం కాదు, సంతోషమూ కాదు. ఏడాదిగా గుంపుకి ఎదురుగా ఒంటరిగా నిలబడ్డాననుకుంటే, అక్కడ గుంపు లేదు. ఒకే మనిషి మాట పద్నాలుగు గొంతుల్లో వినబడింది.

ఆ సారాంశం ఆమె దగ్గర జెరాక్సుకి జెరాక్సుగా ఉంది. ఇద్దరు రచయితలు. మొదటాయన ఒక ఆఫీసరు, ఎప్పుడో పోయారు. రెండో పేరు డి. ఎస్. రావు అని ఉంది. అదే వ్యాసాన్ని ఆధారంగా చూపిన ఒక పేపర్లో సత్యరావ్ డి. అనీ, ఇంకొకదానిలో రావు ఎస్. డి. అనీ ఉంది. జొటేరో ఇంటిపేరు ఏది, సొంతపేరు ఏది అని రెండు గడులు చూపిస్తోంది. ఏం నింపాలో బేబీకి తెలియలేదు. వందనకి ఫోన్ చేసింది.

వందన వాళ్ళ నాన్నని అడిగి అరగంటలో మళ్ళీ చేసింది. "దీదీ, అది రావు కాదట. దాడి సత్యారావు. పప్పాతో ల్యాబులో చేశారట. ఉన్నారు, కేంప్ టూలో. కాళ్ళు నొప్పులు గాని మైండ్ ఏక్‌దమ్ ఠీక్ అంట."

కేంప్ టూ బస్తీలో ఇళ్ళు ఒకదానికొకటి భుజాలానించుకుని ఉంటాయి. సందు చివర నీలం తలుపు అని చెప్పారు గాని సందులో సగం తలుపులు నీలమే. నాలుగో ఇంట్లో ఆయన దొరికారు. ఎనభైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి, బనీను మీద తువ్వాలు వేసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని హిందీ పేపరు చదువుతున్నారు.

"ఎవులమ్మా?"

"చరోదానుంచి వచ్చానండి. బేబీ అంటారు. కాలేజీలో చెప్తాను."

"తెలుగోలేనా? మీదే ఊరు?"

"మా నాన్నోళ్ళది టెక్కలి దగ్గర. నేను ఇక్కడే పుట్టినాను."

"మాది పొందూరు. కూకో." లోపలికి చూసి, "కోడలా, టీ ఎట్టు," అన్నారు.

బేబీ జెరాక్సు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. అరపేజీ చదవడానికి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది.

"ఇది నీకెక్కడ దొరికింది?"

"నాగ్‌పూర్ లైబ్రరీలో ఎవరో తీయించినదండి. బాబుగారూ, ఇందులో ఆరు నెలలని ఉంది కదా. నేను రెండుసార్లు చేసినాను. నాకు ఆరు నెలలకి రాలేదు. మీరు స్లాగుని ఏదైనా వేరే రకంగా ఉంచినారా, నీళ్ళు పట్టినారా? అదే కనుక్కుందామని."

సత్యారావుగారు జెరాక్సు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆరు కాదమ్మా. పదహారు."

బేబీ వంగి జెరాక్సులో ఆ అంకె మళ్ళీ చూసింది.

"స్టెన్సిలు మీద టైపు కొట్టినప్పుడు ఆరుకి ముందరున్న ఒకటి పడనేదు. పుస్తకాలు పంచీసినాక నాను సూసినాను. మా ఆఫీసరు సాయిబుకి సెప్పినాను. ఇది సారాంశమే కదా సత్యారావ్, పూర్తి వ్యాసం ఏసినప్పుడు సరిసేద్దుము అన్నాడాయన. మరి పూర్తి వ్యాసం ఎయ్యనేదు. ఆయనకి బదిలీ అయిపోయింది." తువ్వాలుతో నోరు తుడుచుకున్నారు. "నాను టెక్నీషియన్ని. ఎవులికి రాత్తాను? రాత్తే ఎవులు సూత్తారు? అదెవులూ సదవరు, పోనీ అనుకున్నాను."

"పద్నాలుగుమంది చదివినారండి," అంది బేబీ.

ఆయన తల ఎత్తారు. ఆమె లాప్‌టాప్ తెరిచి వరస చూపించింది. ఏ పేపరు ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో చదివి వినిపించింది. రూర్కెలా, జంషెడ్‌పూర్, విశాఖపట్నం, రెండు విదేశాలవి. ఆయన వేలితో ఒక్కొక్క వరసనీ తాకుతూ వచ్చారు.

"ఎవులూ మళ్ళా కొలవనేదా?" అన్నారు చివరికి.

"నేను కొలిచినాను. కొలిచి, తప్పు నాదే అనుకున్నాను."

కోడలు టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. ఇద్దరూ తాగలేదు. కాసేపటికి ఆయన గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి ఇనప్పెట్టెలోంచి గళ్ళ పుస్తకం ఒకటి తెచ్చారు. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. లోపల నెలనెలా కొలిచిన అంకెలు, పక్కన తేదీ, ఆ నెల ఎన్ని వానలు పడ్డాయో కూడా రాసి ఉంది. ఎనిమిదో నెల దగ్గర 'ఇంకా ఉబ్బుతున్నది' అని తెలుగులో ఉంది. పదహారో నెల దగ్గర ఎర్రసిరాతో గీత.

"రిటైరైనప్పుడు ఇది నాతో తెచ్చీసినాను. పాత సామానుతో పోతాదని బయిమేసింది. ఫొటోలు తీసుకో. పుస్తకం మటుకు నానుంచుకుంటాను."

ఆమె పేజీ పేజీకీ ఫోటో తీసుకుంది. వెళ్ళేముందు, "మీ పేరు ఎలా రాయమంటారు?" అని అడిగింది. "ముగ్గురు మూడు రకాలుగా రాసినారు."

"ఇంటిపేరు దాడి. పేరు సత్యారావు. రావు ఊళ్ళో సగంమంది."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రెండు గడులూ నింపింది. ఆ వ్యాసం కింద నోట్సులో ఆయన చెప్పిన మాట, చెప్పిన తేదీ రాసి, ఫోటోలు తగిలించింది. ముఖాముఖి మాటకి వేరే గడులున్నాయి గనుక దాన్ని విడిగా కూడా చేర్చింది. తర్వాత బీరువా తెరిచి, ఏడాదిగా గైడుకి చూపించని తన అంకెల పుస్తకం బయటకు తీసింది.

జితేంద్ర సార్ మొదట అంతా విని తల అడ్డంగా ఊపారు.

"ముసలాయన చెప్పినంత మాత్రాన రాయలేం బేబీ జీ. ముప్పై అయిదేళ్ళనాటి నోటుబుక్కు సాక్ష్యమే, రుజువు కాదు. మీ సొంత అంకెలు కావాలి."

"ఉన్నాయి సార్."

"ఎక్కడ?"

ఆమె పుస్తకం బల్లమీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పారు. ఒక చోట ఆగి తేదీ చూశారు. "ఇది పోయినేడాదిది. నాకెందుకు చూపించలేదు?"

"నాదే తప్పనుకున్నాను సార్."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు. "ఆ సంచులు ఉన్నాయా, పారేశారా?"

"మొదటివి పారేశాను. రెండోవి ల్యాబు వెనకే ఉన్నాయి. పదకొండో నెల నడుస్తోంది."

"అయితే ఇంకో అయిదు నెలలు ఆగండి. నెలనెలా చూడండి. ఈసారి ఏ అంకె వచ్చినా ఆ రోజే నాకు పంపండి."

ఆగింది. వానలొచ్చి వెళ్ళాయి. దసరా సెలవుల్లో కూడా ఆమె ఒక పూట వచ్చి గేజి చూసి వెళ్ళింది. పదమూడో నెలలో ముల్లు నిదానించింది. పదిహేనో నెల చివరికి ఉబ్బు లెక్కలోకి రానంత తగ్గింది. పదహారో నెలలో మూడు అచ్చులు పోస్తే మూడూ ఉబ్బకుండా నిలబడ్డాయి. ఆ అంకెలు పంపితే జితేంద్ర సార్ దగ్గరనుంచి ఒక్కమాట వచ్చింది: 'రాయండి.'

అధ్యాయం ఈసారి తిరిగి రాలేదు. దానిలోంచి తీసి రాసిన చిన్న వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. అచ్చుకు ముందు వ్యాసాన్ని పరీక్షించినవాళ్ళలో ఒకరు, పాత నోటుబుక్కు మాటకి ఆధారం చూపమన్నారు. బేబీ ఫోటోలన్నీ తేదీలతో సహా ఆ పూటే పంపగలిగింది. ఏడాది క్రితమైతే వెతకడానికే నెల పట్టేది.

అచ్చయిన కాగితాలు తీసుకుని కేంప్ టూ వెళ్ళింది. సత్యారావుగారు తన పేరున్న చోటు చూసి వెంటనే పేజీ తిప్పేసి, పట్టికలో అంకెలు ఒక్కొక్కటే తన గళ్ళ పుస్తకంతో సరిచూసుకున్నారు. అంతా అయ్యాక, "బాగుంది," అన్నారు. ఇంకొంచెం ఆగి, "ఇది కోడలికి సదివి సెప్పు. నాను సెప్తే నమ్మదు," అన్నారు. బేబీ చదివి తెలుగులో చెప్పింది. ఆ అమ్మాయి గుమ్మానికి ఆనుకుని అంతా వింది. ఆరు, పదహారు అయిన చోట మళ్ళీ చెప్పమంది.

ఆ పద్నాలుగు పేపర్లు మాత్రం లోకంలో అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఎవరు వెతికినా ముందు అవే దొరుకుతాయి. అచ్చయిన మాటని వెనక్కి పిలవడం ఎవరి చేతిలోనూ లేదని బేబీకి తెలుసు. అయినా ఆ రచయితల చిరునామాలు వెతికి, దొరకనివి పోగా తొమ్మిదిమందికి ఉత్తరాలు రాసింది. ఎవరినీ తప్పు పట్టలేదు. ఇలా జరిగింది, ఇవి నా అంకెలు, ఇవి దాడి సత్యారావుగారి అంకెలు అని రాసింది. నలుగురు జవాబిచ్చారు. ఒకాయన మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి ఊరుకున్నాడు. ఇద్దరు ఆమె కొలత పద్ధతిని ప్రశ్నించారు, వాళ్ళకి వివరంగా రాసింది.

నాలుగో జవాబు రూర్కెలానుంచి వచ్చింది. రాసినాయన ఇప్పుడు రోడ్ల పని చూస్తున్న ఇంజనీరు. తన దగ్గర తొమ్మిది నెలల నాటి గుట్ట ఒకటి ఉందనీ, వచ్చే నెల దాన్ని ఒక బడికి వెళ్ళే బాట కింద వేయబోతున్నామనీ, ఆపాలా అనీ అడిగాడు. బేబీ ఆ రోజు క్లాసు అయ్యాక స్టాఫు రూములో కూర్చుని జవాబు రాసింది. నెలల లెక్క నమ్మవద్దనీ, తన పదహారు కూడా నమ్మవద్దనీ, ఆ గుట్టలోంచే మూడు చోట్ల తీసి ఫలానా విధంగా పరీక్షించి చూడమనీ, ముల్లు కదిలితే ఆపమనీ చెప్పింది. పరీక్ష చేసే విధానం అంచెలంచెలుగా రాసి, గేజి పెట్టే చోటు తెలియడానికి బొమ్మ ఒకటి గీసి పంపింది.

మూడు వారాలకి అతను ఒక ఫోటో పంపాడు. గేజి ముల్లు, పక్కన కాగితం మీద తేదీ. కింద ఒక వాక్యం: 'కదిలింది మేడమ్, ఆపించాను.'